పచ్చ లైటు వెలిగితే గోడ కొట్టేయొచ్చా? బాష్ జీఎంఎస్ 120 డిటెక్టర్ రివ్యూ

హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేసుకోవాలి. లేదా రోడ్డు వైపు ముందు గదికి షట్టర్ పెట్టి షాపుగా మార్చాలి. పని ఏదైనా మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ గోడ స్లాబును మోస్తోందా, గదుల మధ్య అడ్డుగోడేనా? ఇదివరకు మేస్త్రీ గోడను తట్టి చూసి చెప్పేవాడు. ఇప్పుడు ఇంటీరియర్ కాంట్రాక్టర్ల సంచిలో గోడ స్కాన్ చేసే డిటెక్టర్ కూడా ఉంటోంది. వాటిలో బాగా కనిపించేది బాష్ జీఎంఎస్ 120. గోడకు ఆనించి జరుపుతారు, పచ్చ లైటు ఉంటే "ఏం లేదు సార్, కొట్టేయొచ్చు" అంటారు. ఆ ఒక్క మాట కోసమే ఈ రివ్యూ. పరికరం మంచిది. ఆ మాట మాత్రం తప్పు, కొన్ని ఇళ్లలో ప్రాణాల మీదికి తెచ్చేంత తప్పు.

ముందు పరికరం సంగతి. చేతిలో ఇమిడే సైజు, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి చాలు. ముందు భాగంలో ఒక రింగు ఉంటుంది. దగ్గర్లో ఏమీ లేకపోతే పచ్చగా, ఏదో ఉందని అనుమానం వస్తే పసుపుగా, వస్తువు మీదికి వచ్చాక ఎర్రగా వెలుగుతుంది, శబ్దం కూడా చేస్తుంది. రింగు మధ్యలో రంధ్రం ఉండటం చాలా పనికొస్తుంది. పరికరాన్ని కదపకుండానే అందులోంచి పెన్సిల్‌తో సరిగ్గా మధ్య బిందువు పెట్టుకోవచ్చు. కంపెనీ చెప్పే గరిష్ఠ లోతులు ఇవి: ఇనుముకు 120 మిల్లీమీటర్లు, రాగికి 80, కరెంటు పారుతున్న వైరుకు 50, చెక్కకు 38. ఇవన్నీ అనుకూలమైన గోడ మీద వచ్చే అంకెలే. చువ్వ సన్నదైనా, గోడ తడిగా ఉన్నా లోతు తగ్గుతుంది.

మన పిల్లర్లకు ఆ లోతు సరిపోతుందా? కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం పిల్లర్‌లో స్టీలు మీద మామూలుగా 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలి. దాని మీద లోపలి ప్లాస్టరింగ్ మరో 12 నుంచి 15. అంటే పిల్లర్‌లో నిలువు చువ్వల చుట్టూ కట్టే ఇనుప రింగులు గోడ ఉపరితలానికి 52 నుంచి 55 మిల్లీమీటర్ల లోపల, నిలువు చువ్వలు ఇంకాస్త లోపల ఉంటాయి. జీఎంఎస్ 120కి ఇది అందుబాటులో ఉన్న లోతే. బయటి గోడ వైపు నుంచి, రెండుసార్లు ప్లాస్టరింగ్ చేసిన గోడ మీద నుంచి చూస్తే సిగ్నల్ మసకబారుతుంది. కాబట్టి ఎప్పుడూ లోపలి వైపు నుంచే స్కాన్ చేయండి.

ఇక అసలు విషయం. ఈ పరికరం ఇనుమును కనిపెడుతుంది, బరువును కాదు. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే మన ఇళ్లు ఏయే తీరున కట్టారో చూడాలి.

పిల్లర్లు లేని పాత ఇళ్లు మొదటి రకం. రాతి గోడల మీద టేకు దూలాలు వేసి కట్టిన మిద్దెలు, ఇనుప గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన ఇళ్లు, తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీద నేరుగా స్లాబు పోసిన ఇళ్లు. ఊళ్లలోనూ, పట్టణాల పాత వీధుల్లోనూ ఇవి ఇప్పటికీ చాలా ఉన్నాయి. వీటిలో గోడే పిల్లరు. అందులో తలుపులు, కిటికీల పైన పోసే లింటెల్ తప్ప ఇనుము ఉండదు. జీఎంఎస్ 120 పెట్టి చూస్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా పచ్చ లైటే. ఇంట్లో అన్నిటికన్నా ముట్టుకోకూడని గోడ మీదే ఈ పరికరం నోరు మెదపదు. అందుకే ఈ రకం ఇంట్లో గోడ తీయొచ్చా అని తేల్చడానికి దీన్ని బయటికి తీయనే వద్దు. పైకప్పులో గర్డర్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో కనుక్కోవడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది. అవి ఏ గోడల మీద ఆనితే ఆ గోడలు కచ్చితంగా బరువు మోస్తున్నట్టే.

ఆ బరువెంతో లెక్క వేసుకుంటే మేస్త్రీ మాట మీద గోడ కొట్టబుద్ధి కాదు. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 310 కిలోల పైనే తూగుతుంది. ఫ్లోరింగుకు 100, మనుషులూ సామాన్లకు డిజైన్‌లో తీసుకునే 200 కలిపితే 600 దాటుతుంది, అంటే చదరపు అడుగుకు 58 కిలోల దాకా. గోడకు రెండు పక్కలా 12 అడుగుల గదులు ఉండి, స్లాబు ఆ గోడ మీద ఆనితే, చెరో గదిలో సగం బరువు దాని మీదికే వస్తుంది. ఒక్కో అడుగు గోడ మీద సుమారు 700 కిలోలు. పదడుగుల గోడ తీస్తే ఏడు టన్నులు. ఇది ఒక్క అంతస్తుకే. పైన ఇంకో అంతస్తు ఉంటే దాని స్లాబు, గోడలు వేరు. ఆ గోడకు నేరుగా పైన టెర్రస్ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటే నీళ్లే ఇంకో టన్ను.

రెండో రకం పిల్లర్లు, బీములతో కట్టిన ఇళ్లు. ఇప్పటి డాబాలూ, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లూ ఎక్కువగా ఇవే. జీఎంఎస్ 120 నిజంగా డబ్బుకు తగ్గ పని చేసేది ఇక్కడే. తొమ్మిదంగుళాల గోడలో తొమ్మిదంగుళాల పిల్లరు కలిసిపోయి ప్లాస్టరింగ్ కింద కనబడకుండా ఉంటుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఈ పరికరం గీత గీసినట్టు చూపిస్తుంది.

మూడో రకం అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అంటే అచ్చులు బిగించి కాంక్రీటుతో పోసినవి. మనవాళ్లంతా మైవాన్ అంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల కొత్త టవర్లలో ఇవి చాలా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు కట్టింది కూడా షియర్ వాల్ (కాంక్రీటు గోడల) పద్ధతిలోనే. ఇందులో గోడలన్నీ, గదుల మధ్యవి కూడా, స్లాబుతో కలిపి పోసిన కాంక్రీటే. డిటెక్టర్ ఎక్కడ పెట్టినా ఎరుపే చూపిస్తుంది, గోడ నిండా స్టీలు మెష్ ఉంటుంది కాబట్టి. ఇది పరికరం తప్పు కాదు, ఆ ఎరుపు నిజమే. ఈ ఇళ్లలో గోడ తీయడం కాదు, కొత్తగా తలుపు సందు కోయడం కూడా ఆ బిల్డింగ్ స్ట్రక్చరల్ ఇంజినీర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా చేయకూడదు. ఏసీ పైపు కోసం కోర్ కటింగ్ చేసేటప్పుడు చువ్వలు తప్పించి రంధ్రం పెట్టడానికి మాత్రం డిటెక్టర్ వాడొచ్చు.

పిల్లర్ల ఇంట్లో దీన్ని ఎలా వాడాలో కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది ఒకటి రెండు చోట్ల ఆనించి చూసి వదిలేస్తారు. అలా చూస్తే అసలు చూడనట్టే.

వాచీ, ఉంగరాలు, గాజులు తీసేయండి. మెటల్ మోడ్ పెట్టి, చుట్టూ ఇనుము లేని చోట పరికరాన్ని గాలిలో పట్టుకుని సిగ్నల్ సున్నాగా ఉందో లేదో చూసుకోండి. గాలిలోనే సిగ్నల్ చూపిస్తుంటే మాన్యువల్ ప్రకారం మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. తర్వాత నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తులో, గోడ పొడవునా అడ్డంగా, నెమ్మదిగా జరుపుతూ పోండి. ఈ ఎత్తు ఎందుకంటే ఏడు అడుగుల దగ్గర లింటెల్ ఉంటుంది, నేల దగ్గర ప్లింత్ బీము ఉండొచ్చు. రెండిటి మధ్య అయితే పొరపాట్లు తక్కువ. ప్లాస్టరింగ్ గరుకుగా ఉంటే సన్నటి అట్ట ముక్క పెట్టి దాని మీద జరపండి, చెయ్యి ఎగుడుదిగుడు కాకుండా సాగుతుంది. సిగ్నల్ మొదలైన చోట, ఆగిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఇదే మూడడుగుల ఎత్తులో, ఐదడుగుల ఎత్తులో మళ్లీ చేయండి. మూడు ఎత్తుల్లోనూ గుర్తులు ఒకే నిలువు వరసలో పడితే అది పిల్లరు. ఆ పట్టీలోనే పై నుంచి కిందికి జరిపితే, సిగ్నల్ స్పష్టంగా ఉన్న చోట్ల ఆరంగుళాల ఎడంలో రింగులు ఒక్కొక్కటిగా బలంగా పలుకుతాయి. రింగులు దగ్గర దగ్గరగా ఉంటే, ప్లాస్టరింగ్ మందంగా ఉంటే విడివిడిగా కాకుండా ఒకే ముద్దగా చూపిస్తుంది. అందులో వింతేమీ లేదు.

స్టీలు కనబడిన చోట కాంక్రీటు అంచు ఆగదు. దానికి అటూ ఇటూ మరో రెండు అంగుళాల కాంక్రీటు ఉంటుంది. అందుకని గుర్తు నుంచి కనీసం నాలుగంగుళాలు వదిలి మాత్రమే ఇటుకలు కొట్టడం మొదలుపెట్టండి.

ఇక్కడే మోసపోయే చోట్లు చాలా ఉన్నాయి. ఏఏసీ బ్లాకులతో (తేలికపాటి సిమెంటు బ్లాకులతో) కట్టిన గోడలో బ్లాకులకూ పిల్లర్‌కూ మధ్య సందు మీద పగుళ్లు రాకుండా చికెన్ మెష్ (సన్నటి ఇనుప జాలీ) కొట్టి ప్లాస్టరింగ్ చేస్తారు. డిటెక్టర్‌కు అదీ ఇనుమే. పిల్లరు ఉన్నదానికన్నా అరడుగు వెడల్పుగా కనిపిస్తుంది. నాలుగంగుళాల బ్లాకు గోడల్లో మూడు మూడున్నర అడుగుల ఎత్తుకొకసారి రెండు సన్న చువ్వలతో కాంక్రీటు పట్టీ పోస్తారు. అది అడ్డంగా బీములా పలుకుతుంది, కానీ బరువు మోసేది కాదు. స్విచ్‌బోర్డు ఇనుప పెట్టెలు, పాత జీఐ పైపులు, తలుపు ఫ్రేమును గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు (హోల్డ్‌ఫాస్టులు) కూడా ఎరుపు చూపిస్తాయి. తలుపు పక్కన ఏడడుగుల ఎత్తులో అరడుగు నుంచి ముప్పావు అడుగు దాకా వచ్చే సిగ్నల్ లింటెల్ గోడలోకి దిగిన భాగం. దాన్ని పిల్లరు అనుకోవద్దు. మూడు ఎత్తుల్లో చూడమన్నది ఇందుకే.

పైకప్పు వైపు మాత్రం ఈ పరికరం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. స్లాబు అడుగున కవర్ 20 మిల్లీమీటర్లే, సీలింగు ప్లాస్టరింగ్ 6. చువ్వలు దగ్గరగా ఉండటం వల్ల ఎక్కడ పెట్టినా మోగుతుంది. అసలు చిక్కు కన్‌సీల్డ్ బీముతో. స్లాబు మందంలోనే దాచి పోసిన బీము కింద నుంచి కనబడదు. స్లాబు మెష్ సిగ్నల్ నుంచి ఆ బీము సిగ్నల్‌ను వేరుచేయడం జీఎంఎస్ 120 వల్ల నమ్మకంగా కాదు. గోడ మీద బీము దిగి కనబడకపోతే ఈ పరికరంతో తేల్చేద్దామని చూడకండి.

అక్కడ ఉలీ సుత్తీ ఇంతకన్నా నిజం చెబుతాయి. గోడ పైభాగాన, స్లాబు కలిసే చోట, పిల్లర్‌కు రెండడుగుల దూరంలో, ఆరంగుళాల వెడల్పున, స్లాబు నుంచి అడుగున్నర కిందికి ప్లాస్టరింగ్ మాత్రమే చెక్కండి. బ్రేకర్ వద్దు, చేత్తోనే. పైన కాంక్రీటు బీము అడుగుభాగం, దాని కింద సిమెంటు మాలు కుక్కిన సందు, ఆ కింద ఇటుకలు కనిపిస్తే గోడను బీము పోసిన తర్వాత కట్టారన్నమాట. అడ్డుగోడ అనడానికి ఇది మంచి సూచన. ఈ సందు దగ్గరే అడ్డంగా సన్నటి పగులు కూడా చాలా ఇళ్లలో ఉంటుంది. అలా కాకుండా ఇటుకలు నేరుగా స్లాబు అడుగుకు తాకి ఉండి, మధ్యలో బీము లేకపోతే ఆగిపోండి. ఆ గోడ స్లాబును మోస్తోందనే అనుకోవాలి. చెక్కిన చోటంతా కాంక్రీటే అయితే అది ఆర్‌సీసీ గోడ, అప్పుడూ ఆగాల్సిందే.

ఇక్కడ తేలిగ్గా తప్పిపోయేది ఒకటుంది. కాంక్రీటు కనబడగానే బీము అనుకోకూడదు. స్లాబు అడుగుభాగం నుంచి దాని లోతు కొలవండి. మామూలు బీము స్లాబు కింద ఏడు నుంచి పదమూడు అంగుళాలు దిగుతుంది. మూడు నాలుగు అంగుళాలే ఉంటే అది గోడ మీద పోసిన బ్యాండ్. దాని కింది గోడే స్లాబును మోస్తోంది. బీము ఉంటే అది రెండు చివరలా పిల్లర్‌లోకే పోతోందా అనేది డిటెక్టర్‌తో చూడండి. ఒక చివర పిల్లరు లేకుండా అడ్డంగా ఉన్న గోడ మీద ఆనితే, మీరు తీయాలనుకున్నది ఆ గోడే అయితే, అది కచ్చితంగా బరువు మోసే గోడ. ఈ ఒక్క తనిఖీకి పరికరం పెట్టుబడి తీరిపోయినట్టే.

గోడ మందం చూసి తీర్పు చెప్పేవాళ్లు ఎక్కువ. తలుపు దగ్గర టేపు పెట్టి కొలిస్తే రెండు వైపుల ప్లాస్టరింగ్‌తో కలిపి తొమ్మిదంగుళాల గోడ పదంగుళాలు, నాలుగున్నర గోడ ఐదున్నర వస్తుంది. తొమ్మిది అయితే మోసేది, నాలుగున్నర అయితే కానిది అనే లెక్క సగమే నిజం. పిల్లర్ల ఇంట్లో బయటి తొమ్మిదంగుళాల గోడ ఉత్త పూడ్పు గోడ కావచ్చు. ఖర్చు తగ్గించుకోవడానికి బీము మానేసి నాలుగున్నర గోడ మీదే స్లాబు ఆనించిన డాబాలూ ఉన్నాయి. పెద్ద గదిలో తర్వాత కట్టిన అడ్డుగోడ మీద ఏళ్ల తరబడి స్లాబు వంగి కూర్చోవడం కూడా జరుగుతుంది. కట్టినప్పుడు అది అడ్డుగోడే, ఇప్పుడు కాదు. పైభాగంలో ప్లాస్టరింగ్ నలిగినట్టు రాలుతుంటే ఈ అనుమానం పెట్టుకోండి. పై అంతస్తుకు వెళ్లి, ఈ గోడకు సరిగ్గా పైన ఇంకో గోడ ఉందో లేదో కొలిచి చూడటం తప్పనిసరి. పైన గోడ ఉండి, మధ్యలో బీము లేకపోతే కింది గోడ తీయకూడదు.

షట్టర్ కోసం ముందు గోడ తీసేవాళ్లకు ఇంకో మాట. పిల్లర్ల ఇల్లైనా కింది అంతస్తులో గోడలన్నీ ఒకేసారి తీసేస్తే పక్కకు ఊగకుండా ఆపే బిగువు పోతుంది. 2001 గుజరాత్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన భవనాల్లో కింది అంతస్తు పార్కింగ్‌కు ఖాళీగా వదిలినవి చాలా ఉన్నాయి. ఈ సంగతి చెప్పడం డిటెక్టర్ వల్ల కాదు.

వైర్ల విషయంలో జీఎంఎస్ 120 బాగానే ఉంది, అయితే వైరులో కరెంటు ఉంటేనే. స్కాన్ చేసేటప్పుడు మెయిన్ ఆపకండి. ఆ గదిలోని లైట్లు, ఫ్యాను, గీజరు వేసి ఉంచండి. ఇనుప పైపులో దాచిన వైరు కనబడదు. స్కాన్ అయ్యాక, కొట్టేముందు మెయిన్ ఆపాలి. నీళ్ల పైపుల దగ్గర దీని బలహీనత పెద్దది. ఇప్పటి ఇళ్లలో గోడలోపల వేసే సీపీవీసీ, యూపీవీసీ పైపులు ప్లాస్టిక్కే కాబట్టి మెటల్ మోడ్‌కు అవి లేనట్టే. వంటింటి గోడ, బాత్రూమ్ గోడ అయితే ట్యాపుల నుంచి నిలువుగా, అడ్డంగా పైపు ఎటు పోయి ఉంటుందో ఊహించి గీత గీసుకోవడమే దారి. బాష్‌లోనే డి-టెక్ట్ 200 సి రాడార్‌తో పనిచేస్తుంది, 200 మిల్లీమీటర్ల లోతు దాకా చూస్తుంది, నీళ్లున్న ప్లాస్టిక్ పైపులను కూడా పట్టుకుంటుంది. కానీ వెల జీఎంఎస్ 120కి ఎన్నో రెట్లు. ఒక్క ఇంటి కోసం కొనే వస్తువు కాదు. చువ్వల ఎడం, లోతు, చువ్వ మందం అంచనాతో సహా బొమ్మ గీసిచ్చే హిల్టీ పీఎస్ 300 ఫెర్రోస్కాన్ లాంటివి టెస్టింగ్ ల్యాబులు తెచ్చి చేసిస్తాయి. కన్‌సీల్డ్ బీము అనుమానం ఉన్న చోట డబ్బు వాటికే పెట్టాలి.

జీఎంఎస్ 120 ఎవరికి? నెలకు నాలుగైదు ఇళ్లలో పని చేసే ఇంటీరియర్ వాళ్లకు, ఎలక్ట్రీషియన్లకు, ఏసీ బిగించేవాళ్లకు కళ్లు మూసుకుని కొనమంటాం. వాడటం తేలిక, రింగులోని రంధ్రం వల్ల గుర్తు తప్పదు, ఇనుము లోతు మన పిల్లర్లకు సరిపోతుంది. ఒక్క గోడ కోసం కొందామనుకునే ఇంటి యజమానికి వద్దంటాం. ఆ డబ్బు స్ట్రక్చరల్ ఇంజినీర్ ఒకసారి ఇంటికి వచ్చి చూసినందుకు ఇవ్వండి.

ఇంజినీర్ వచ్చేలోపు చేతికి అందించాల్సినవి: స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉంటే అవి, లేకపోతే అసోసియేషన్‌నో బిల్డర్‌నో అడిగి తెచ్చినవి. మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్ ఒక్కటే చాలదు, అందులో గదులు ఉంటాయి కానీ బీముల స్టీలు ఉండదు. తీయాలనుకున్న గోడ మందం, పొడవు, మూడు ఎత్తుల్లో స్కాన్ చేసిన చాక్ గుర్తుల ఫోటో, చెక్కిన చోటి ఫోటో, పై అంతస్తులో అదే చోటు ఫోటో, టెర్రస్ మీద ట్యాంకు ఎక్కడుందో కొలత. ఫ్లాట్ అయితే స్వాధీనం చేసుకున్న తేదీ కూడా చూసుకోండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద ఐదేళ్ల దాకా నిర్మాణ లోపాలకు బిల్డరే బాధ్యుడు. మీరు గోడ కోసిన తర్వాత పక్కన పగులు వస్తే, అది మీ పని వల్లే వచ్చిందని చేతులు దులిపేసుకోవడానికి ఆయనకు దారి దొరుకుతుంది.

మోసే గోడే అని తేలినా కొన్ని ఇళ్లలో తీయొచ్చు. ఇంజినీర్ లెక్కకట్టిన ఇనుప బీము గానీ ఆర్‌సీసీ బీము గానీ పెట్టి, దాని చివరల కింద ఆనుడు సరిచూసి, గోడకు రెండు వైపులా స్లాబును తాత్కాలికంగా మోసే జాకీలు బిగించాక మాత్రమే. ఒక్క వైపే జాకీలు పెట్టడం, కింద ఇంకో అంతస్తు ఉంటే అక్కడ జాకీలు పెట్టకపోవడం, కొత్త బీముకూ స్లాబుకూ మధ్య సందులో నింపిన గ్రౌట్ (సిమెంటు మిశ్రమం) గట్టిపడకముందే జాకీలు తీసేయడం, ఈ మూడు చోట్ల పని ఎక్కువగా చెడుతుంది. గ్రౌట్ ఎన్ని రోజులు ఉండాలో ఇంజినీర్ చేత కాగితం మీద రాయించుకుని, జాకీలు బిగించిన మేస్త్రీకి ఆ కాగితం ఇవ్వండి.